లెక్కకెక్కని శ్రమ

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త రీసస్ కోతుల ముందు ఒక చిన్న తాళపు పజిల్ పెట్టించాడు. ఒక సీల, ఒక కొక్కెం, మడతపడే ఒక పట్టీ. మూడింటినీ వరస తప్పకుండా విప్పితేనే అది తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక దొరికేదేమీ లేదు. ఆకలో దాహమో నొప్పో తోస్తే తప్ప జంతువు కదలదని ఆనాటి ప్రయోగశాలలు గట్టిగా నమ్మేవి. అయినా ఆ కోతులు ఎవరూ నేర్పకుండానే, ఎవరూ తిండి ఆశ చూపకుండానే సీలను లాగి చూశాయి, కొక్కేన్ని తిప్పి చూశాయి, రెండు వారాలు తిరిగేసరికి చకచకా విప్పడం నేర్చుకున్నాయి. లోపల తిండి కూడా పెడితే ఇంకా బాగా చేస్తాయని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. తిండి వచ్చి చేరాక కోతుల తప్పులు పెరిగాయి. చేతికందిన వస్తువును తిప్పి చూడాలన్న తపన కూడా ఆకలిలాంటి సహజమైన చోదకమేనని 1950లో అచ్చయిన పత్రంలో హార్లో బృందం వాదించింది. పనికి ఫలం బయటే ఉండాలా, పనిలోనే ఉండవచ్చా అన్న పాత ప్రశ్న ఆ బోను ముందు ప్రయోగశాస్త్రంలోకి అడుగుపెట్టింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఎడ్వర్డ్ డెసీ ఆ ప్రశ్నను మనుషుల దగ్గరికి తెచ్చాడు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు సోమా అనే ఏడు ముక్కల పజిల్ ఇచ్చి, కాగితం మీద చూపిన ఆకారాలు పేర్చమన్నాడు. ఒక్కొక్కరూ మూడు విడతలు రావాలి. రెండో విడతలో సగం మందికి పేర్చిన ప్రతి ఆకారానికి ఒక డాలరు ఇచ్చి, మూడో విడతలో ఆపేశాడు. మిగతా సగానికి ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు. అసలు కొలత ఆకారాలది కాదు. ప్రతి విడత మధ్యలో ప్రయోగకర్త ఏదో పనుందని చెప్పి ఎనిమిది నిమిషాలు బయటికి వెళ్లేవాడు. గదిలో చదువుకోవడానికి పత్రికలున్నాయి, పజిల్ కూడా ఉంది. ఎవరూ అడగని ఆ ఎనిమిది నిమిషాల్లో ఎవరు దాన్ని ఎంతసేపు ముట్టుకున్నారన్నదే లెక్క. రెండో విడతలో డబ్బు పుచ్చుకున్నవాళ్లు మూడో విడతలో మునుపటికన్నా తక్కువసేపు ముట్టుకున్నారు. పాల్గొన్నది 24 మందే కాబట్టి 1971లో అచ్చయిన ఈ ఒక్క ప్రయోగం మీద భవనం కట్టలేం. కానీ 1973లో స్టాన్‌ఫర్డ్ నర్సరీ పిల్లలతో మార్క్ లెప్పర్ బృందం చేసిన ప్రయోగం అదే దిక్కు చూపింది. బొమ్మలు వేయడమంటే అసలే ఇష్టమున్న పిల్లల్లో, బొమ్మ వేస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే మాట తీసుకున్నవాళ్లు తర్వాతి వారాల్లో స్కెచ్ పెన్నుల జోలికి మిగతావారికన్నా సగం సేపే వెళ్లారు. చెప్పకుండా బహుమతి పొందిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు.

ఈ లోపలి తోపుకే స్వయంప్రేరణ అని పేరు. ఉద్యోగ ప్రకటనల్లో ‘సెల్ఫ్ మోటివేటెడ్’ అన్న మాట ఇప్పుడు డిగ్రీ, అనుభవంతో పాటు ఒక అర్హతగా కనిపిస్తుంది. యజమానులు దాన్ని కోరడంలో వింతేమీ లేదు. క్రిస్టఫర్ సెరసోలీ, మరి ఇద్దరు పరిశోధకులు నలభై ఏళ్ల అధ్యయనాలను, 2 లక్షల 12 వేల మందికి పైగా మనుషుల సమాచారాన్ని ఒకచోట చేర్చి 2014లో ప్రచురించిన విశ్లేషణలో ఒక ముఖ్యమైన తేడా బయటపడింది. పని ఎంత జరిగింది అన్నదాన్ని ముట్టే డబ్బు బాగా సూచిస్తుంది. పని ఎంత బాగా జరిగింది అన్నదాన్ని లోపలి ఇష్టం బాగా సూచిస్తుంది. దీనికి కారణం మానవ స్వభావంలో ఎంత ఉందో కొలతల స్వభావంలోనూ అంతే ఉంది. ఎన్ని ఇటుకలు మోశారో, ఎన్ని ఫారాలు నింపారో లెక్కపెట్టవచ్చు, లెక్కపెట్టగలిగినదానికి రేటు కట్టవచ్చు. రాత్రి డ్యూటీ నర్సు మూడో మంచం రోగి శ్వాసలో చిన్న తేడాను పట్టుకున్నదా లేదా అన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఉపాధ్యాయుడు వెనక బెంచీ పిల్ల మొహం చూసి అర్థం కాలేదని గ్రహించి పాఠాన్ని ఇంకో దారిలో మొదలుపెట్టాడా లేదా అన్నదీ అంతే. నాణ్యత చాలావరకు ఎవరూ చూడని చోట పుడుతుంది. అక్కడ కాపలా కాయగలిగింది చేసేవాడి మనసొక్కటే. ఏ ఒప్పంద పత్రమూ పనినంతటినీ రాయలేదు. రాయకుండా వదిలిన ఖాళీలన్నిటినీ స్వయంప్రేరణ పూడుస్తుంది. సంస్థకు దాని విలువ అక్కడుంది, ఆ విలువ నిజమైనది.

మనిషికి కలిగే లాభమూ నిజమే. నచ్చిన పనిలో మునిగినవాడికి నేర్చుకోవడం భారం కాదు, ఓటమి అవమానం కాదు, మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకొకరి మెప్పు అక్కరలేదు. డెసీ, రిచర్డ్ రయన్ ఆ తర్వాత దశాబ్దాల పాటు కట్టిన సిద్ధాంతం ప్రకారం మూడు అవసరాలు తీరిన చోట ఈ ప్రేరణ నిలుస్తుంది: ఏం చేయాలో కొంతైనా తానే నిర్ణయించుకోగలగడం, చేస్తున్నకొద్దీ చేయి తిరగడం, చుట్టూ తనవాళ్లనుకోదగ్గ మనుషులుండటం. కాబట్టి అది పుట్టుకతో కొందరికి వచ్చే గుణం కాదు. మనిషికీ ఒకానొక పనికీ మధ్య, ఒకానొక పరిస్థితిలో కుదిరే సంబంధం. ఇంట్లో తోటపని చేస్తూ మధ్యాహ్నం భోజనం మరిచిపోయేవాడే ఆఫీసులో ఫైలు ముందు ఆవులించవచ్చు. ప్రకటనలో దాన్ని అర్హతగా రాసి అభ్యర్థి నుంచి అడిగే సంస్థ, తాను సమకూర్చవలసిన దానిలో సగాన్ని అతని నెత్తిన పెడుతోంది.

అయితే ఇంత మేలు చేసే గుణంలోనే దాని చెరుపు కూడా ఉంది. రెండూ వేరువేరు మూలాల నుంచి వచ్చినవి కావు. జీతం కోసమే చేసే పనికి హద్దు ఉంటుంది. ఇచ్చేవాడు లెక్క చూసుకుంటాడు, పుచ్చుకునేవాడూ చూసుకుంటాడు, గంట కొట్టగానే ఇద్దరి లెక్కా తేలిపోతుంది. ఫలం పనిలోనే ఉన్నప్పుడు ఆ లెక్క అవసరం ఎవరికీ తోచదు. యజమాని చూడడు, ఎందుకంటే అడగకుండానే జరిగిపోతోంది. తోటివారు చూడరు, ఎందుకంటే అతనికి అది ఇష్టం. చేసేవాడు చూసుకోడు, ఎందుకంటే ఇష్టంలో ఉన్నవాడికి అలసట ఆలస్యంగా తెలుస్తుంది. శ్రమ మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. స్వయంప్రేరణతో వచ్చే చిక్కులన్నీ ఈ లెక్క లేకపోవడం నుంచే పుడతాయని నా వాదన.

అమెరికా, కెనడాల జంతు ప్రదర్శనశాలల్లో జంతువులను చూసుకునే కీపర్ల మీద స్టూవర్ట్ బండర్‌సన్, జెఫ్రీ థాంప్సన్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో నాకు తెలిసిన అతి స్పష్టమైన సాక్ష్యం. 157 జూల నుంచి సమాచారం సేకరించారు. కీపర్లలో అత్యధికులు కాలేజీ చదువు చదివినవాళ్లు. చేసే పనిలో పేడ ఎత్తడం, బోనులు కడగడం, మేత కోయడం పెద్ద భాగం. జీతం దేశంలోని వృత్తుల్లో అట్టడుగు పావు వంతులోకి వస్తుంది. ఉద్యోగం దొరకడానికే నెలలూ ఏళ్లూ జీతం లేకుండా వాలంటీర్లుగా చేసినవాళ్లున్నారు. ఇల్లు గడవడానికి రెండో పని చేసుకునేవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది మాట ఒక్కటే: నేను ఇందుకే పుట్టాను. ఈ భావన ఎంత బలంగా ఉంటే తమ పని అంత అర్థవంతమైనదిగా, అంత ముఖ్యమైనదిగా వాళ్లకు తోచింది. అదే కొలతలో త్యాగం కూడా పెరిగింది. తక్కువ జీతాన్ని, సొంత సమయాన్ని, ఒంటి సుఖాన్ని వదులుకోవడం కర్తవ్యంలో భాగమైపోయింది. పరిశోధకులు గుర్తించిన ఇంకో సంగతి తక్కువమంది ప్రస్తావిస్తారు. ఆ కీపర్లు యాజమాన్యాన్ని తేలిగ్గా నమ్మరు. జంతువుల పట్ల సంస్థ తన నైతిక బాధ్యత నెరవేరుస్తున్నదా అని నిత్యం కనిపెట్టి ఉంటారు. నా జీతం ఎందుకింత తక్కువ అని అడగడానికి నోరు రానివాళ్లు ఏనుగుకు తగినంత చోటు ఎందుకివ్వలేదని అడగడానికి వెనకాడరు. తన కోసం లెక్క చూసుకోని మనిషి పని కోసం చూస్తాడన్నమాట. ఆ పట్టుదలలో నాకు గొప్పతనం కనిపిస్తుంది. దాని మీద ఆధారపడి జీతాల పట్టీ తయారుచేసే పద్ధతిలో మాత్రం కనిపించదు.

ఇక చూసేవాళ్ల సంగతి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన జే కిమ్, ఆరన్ కే, మరి ఇద్దరు 2020లో ప్రచురించిన ప్రయోగాల్లో జనానికి ఉద్యోగుల గురించిన వర్ణనలు చదివించారు. పని, పరిస్థితి అవే. ఒక వర్ణనలో ఉద్యోగికి తన పని మీద తీవ్రమైన మక్కువ ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు. మక్కువ ఉన్నవాడిని జీతం లేకుండా ఎక్కువసేపు పని చేయించడం, కుటుంబంతో గడపవలసిన సెలవు రోజున రప్పించడం, చివరికి అతని ఉద్యోగంతో ఏ సంబంధమూ లేని మరుగుదొడ్డి శుభ్రం చేసే పని అప్పగించడం కూడా అంత తప్పుకాదని చదివినవాళ్లు భావించారు. రెండు నమ్మకాలు దీనికి దారితీశాయి. అతనికి పనే బహుమతి కదా అన్నది ఒకటి. అడగకపోయినా అతనే చేసేవాడు కదా అన్నది రెండోది. మరుగుదొడ్డి కడగడం ఎవరికీ బహుమతి కాదు. బోధన మీద ప్రేమ ఉందంటే ఎన్నికల జాబితాలు దిద్దడం మీద కూడా ప్రేమ ఉన్నట్టు కాదు. అయినా ఒక పని మీది ఇష్టం మొత్తం మనిషి మీదికి జారి, అతని నెత్తిన ఏం పెట్టినా మోస్తాడన్న ధీమాగా మారుతుంది. లాగే ఎద్దునే పొడవడం మన పల్లెల్లో అందరూ చూసిందే. ఈ పరిశోధన చెప్పేదేమంటే, పొడిచేవాడికి అది క్రూరత్వంగా తోచదు, న్యాయంగానే తోస్తుంది.

ఒక ప్రభుత్వ వ్యవస్థ మొత్తం ఇలాంటి ధీమా మీద నడవగలదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలు వచ్చారు. నేడు దేశంలో దాదాపు పది లక్షల మంది. గర్భిణిని ఆస్పత్రికి తీసుకువెళ్లడం నుంచి టీకాల జాబితా, క్షయ రోగి మందుల వరకు ఊళ్లో ప్రజారోగ్యమంతా వాళ్ల కాళ్ల మీద నడుస్తుంది. కానీ పథకం మొదలైనప్పుడే వాళ్లను ఉద్యోగులుగా కాక సేవాభావంతో వచ్చిన వాలంటీర్లుగా నిర్వచించారు, పనికింత చొప్పున ఇచ్చే ఏర్పాటు చేశారు. మన భాషలో ఆ సొమ్ముకు వాడే మాటలు గమనించదగ్గవి. పరితోషం అంటే సంతోషం, పారితోషికం అంటే సంతోషించి ఇచ్చేది. గౌరవ వేతనం అంటే గౌరవసూచకంగా ఇచ్చేది. జీతం మాత్రం ఇచ్చి తీరవలసింది. పారితోషికం, గౌరవ వేతనం అన్న మాటలు పుచ్చుకునేవారి శ్రమ గురించి మాట్లాడవు, ఇచ్చేవారి మనసు గురించి మాట్లాడతాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలకు ప్రపంచ స్థాయి పురస్కారం ప్రకటించింది. 2023లో తెలంగాణలో వాళ్లు సమ్మెకు దిగి నెలకు 18,000 రూపాయల స్థిర వేతనం అడిగారు. పురస్కారం వాళ్ల సేవాభావాన్ని గుర్తించింది. సమ్మె వాళ్ల గంటలను గుర్తించమంది. ఈ రెండింటి మధ్య వైరుధ్యం ఉందని అనుకోవడంలోనే పొరపాటుంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. డెసీ ప్రయోగం, నర్సరీ పిల్లల ప్రయోగం చెప్పింది నిజమైతే, డబ్బు లెక్క మొదలుపెట్టగానే ఆ లోపలి ఇష్టం ఇంకిపోదా? సేవాభావం కొనుక్కోబోతే మాయమవుతుందేమో కదా? ఈ భయాన్ని తోసిపుచ్చలేం. కానీ సాక్ష్యం మొత్తం చూడాలి. 1999లో డెసీ, రయన్, రిచర్డ్ కెస్ట్నర్ 128 ప్రయోగాలను కలిపి విశ్లేషించినప్పుడు తేలింది ఇది: ఇలా చేస్తేనే ఇస్తానని ముందే షరతు పెట్టిన బహుమతి ఆసక్తికరమైన పనిలోని ఇష్టాన్ని తగ్గిస్తుంది. అనుకోకుండా ఇచ్చినది తగ్గించదు. నిజాయితీగా చెప్పిన మెచ్చుకోలు పెంచుతుంది కూడా. అసలే విసుగు పుట్టించే పనిలో బహుమతి చెరిచేదేమీ ఉండదు. చెరుపు చేసేది డబ్బు అనే పదార్థం కాదు, తన పగ్గం ఇంకొకరి చేతిలో ఉందని మనిషికి కలిగే భావం. పిల్లలు నిండుగా తినేంత జీతం ఏ పగ్గమూ కాదు. పైగా ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లు పజిల్ మీద బతికేవాళ్లు కారు.

దీనికి మన నేల మీదే పెద్ద పరీక్ష జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఒక ప్రయోగం నడిపారు. మొత్తం 500 గ్రామీణ బడులు. లాటరీ పద్ధతిలో ఎంచిన 200 బడుల్లో, పిల్లల మార్కులు ఎంత పెరిగాయన్నదాన్ని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చారు. అది సగటున ఏడాది జీతంలో మూడు శాతం. నా వంటివారు ఊహించేది, బోనస్ ఉన్న లెక్కలూ భాషా పెరిగి మిగతావి కుంటుపడతాయని. రెండేళ్ల తర్వాత లెక్కల్లో, భాషలో ఆ బడుల పిల్లలు స్పష్టంగా ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్ స్టడీస్‌లో కూడా ముందే ఉన్నారు. ఉపాధ్యాయుల గైర్హాజరు మాత్రం మారలేదు. వచ్చిన రోజుల్లో వాళ్లు చేసింది మారింది: ఎక్కువ హోంవర్క్, బడి గంటల తర్వాత అదనపు తరగతులు, సాధన పరీక్షలు, వెనకబడిన పిల్లల మీద ప్రత్యేక శ్రద్ధ. ఇవన్నీ, ఇందాక చెప్పినట్టు, ఏ ఒప్పంద పత్రమూ రాయలేని పనులే. జాంబియాలో 2010లో గ్రామీణ ఆరోగ్య కార్యకర్తలను తీసుకున్నప్పుడూ ఇలాగే జరిగింది. కొన్ని జిల్లాల్లో ప్రకటన ఊరికి సేవ చేయండని పిలిచింది, కొన్నిటిలో ఈ ఉద్యోగంలో పైకి ఎదగవచ్చని పిలిచింది. రెండో పిలుపు విని వచ్చినవాళ్లు 29 శాతం ఎక్కువ ఇళ్లకు వెళ్లారు. స్వార్థపరులు వస్తారని, సేవ తగ్గుతుందని అన్న భయం నిలబడలేదు.

అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ నుంచి వచ్చిన అధ్యయనం దీనికి ఎదురు సాక్ష్యంలా కనిపిస్తుంది, దాన్ని దాటవేయకూడదు. ఎమీ రెజ్‌నెస్కీ, బ్యారీ ష్వార్ట్జ్ తదితరులు 11,320 మంది కేడెట్లు చేరేనాడు చెప్పిన కారణాలను, ఆ తర్వాత ఏళ్ల తరబడి వాళ్ల వృత్తి జీవితాన్ని పోల్చి 2014లో ప్రచురించారు. మంచి సైనికాధికారి కావాలన్న లోపలి కారణం బలంగా ఉన్నవాళ్లు బాగా రాణించారు. దానితో పాటు మంచి ఉద్యోగం, పేరు వంటి బయటి కారణాలూ బలంగా ఉన్నవాళ్లు అంతగా రాణించలేదు. అయితే ఈ అధ్యయనం కొలిచింది మనిషి దేన్ని గురిగా పెట్టుకున్నాడన్నది. అతనికి సంస్థ ఎంత ఇచ్చిందన్నది కాదు, ఎందుకంటే కేడెట్లందరికీ దక్కేది ఒకటే. చాలినంత జీతం దొరికినవాడు జీతం గురించి ఆలోచించడం మానగలడు. చాలనివాడే రోజూ ఆలోచించాలి. పనిలోని ఇష్టం నిలవాలంటే డబ్బు మనసు మధ్యలో నిలబడకుండా ఉండాలి. అందుకు దగ్గరి దారి దాన్ని సరిగ్గా ఇచ్చేయడమే.

మిగిలిన లెక్క మనిషి లోపలిది. కెనడాకు చెందిన రాబర్ట్ వాలెరాండ్ 2003 నుంచి రెండు రకాల మక్కువలను విడదీసి చూపుతూ వచ్చాడు. ఒకదానిలో పని మనిషి చేతిలో ఉంటుంది, జీవితంలోని మిగతా వాటితో సర్దుకుంటుంది. రెండోదానిలో మనిషి పని చేతిలో ఉంటాడు, వదిలి లేవలేడు, లేచినా తృప్తి ఉండదు. నర్సుల మీద చేసిన అధ్యయనాల్లో ఈ రెండో రకం, ఇంటికీ పనికీ మధ్య ఘర్షణ ద్వారా, బర్నౌట్‌కు, అంటే పనిలో పూర్తిగా అలసి కూలబడటానికి, దారితీసింది. చిన్న చెరుపులు ఇంకొన్ని ఉన్నాయి. ఒక పని మీద మరీ ఇష్టం పెరిగితే పక్కనున్న చప్పటి పనులు మరింత చప్పబడతాయని కొరియాలోని ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉద్యోగుల్లో జిహే షిన్, ఆడం గ్రాంట్ 2019లో చూపారు. ఇష్టంతో చేయడమే నీతి, జీతానికి చేయడం తక్కువరకం అనుకునేవాడు పక్కవాడికి సాయపడటంలోనూ ఎంచుకుంటాడని మరో అధ్యయనం. ఇలాంటివాడితో కలిసి పనిచేసే మామూలు ఉద్యోగికి, ఆరింటికి ఇంటికి వెళ్లి పిల్లలకు అన్నం పెట్టవలసిన తల్లికి, కొలబద్ద తెలియకుండానే పొడుగైపోతుంది.

తప్పు ప్రేరణది కాదు, చెడ్డ యాజమాన్యానిది అని ఎవరైనా అంటే సగం ఒప్పుకుంటాను. మంచి యాజమాన్యం ఉన్నా లోపలినుంచి తోసేదానికి ఆగమని చెప్పే గంట ఉండదన్నది మిగిలిన సగం. బర్నౌట్ అన్న మాటను వైద్య సాహిత్యంలోకి తెచ్చిన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ చూసింది లాభాల కోసం పిండే కర్మాగారాన్ని కాదు. న్యూయార్క్‌లో పేదలకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌ను, అక్కడ పగలు సొంత పనులు చేసుకుని రాత్రి పొద్దుపోయేదాకా ఉండిపోయే వాలంటీర్లను. వాళ్లను ఎవరూ నిర్బంధించలేదు. తానూ వాళ్లలో ఒకడే. అందరికన్నా ముందు కూలబడేది అంకితభావం ఉన్నవాళ్లేనని 1974 నాటి పత్రంలో రాశాడు. అంకితభావం తగ్గించుకోమని మాత్రం చెప్పలేదు. ఒకే మనిషిని ఒకే పనిలో అదే పనిగా ఉంచవద్దని, ఎవరు ఎన్ని గంటలు ఉండాలో క్లినిక్కే హద్దు పెట్టాలని, అలసినవాళ్లను కొంతకాలం సెలవు మీద పంపాలని, ఇంకా మనుషులను చేర్చుకోవాలని రాశాడు.